కోనసీమ నుంచి గుహలు చూడాలంటే: డెల్టా అంచున ఎక్కడికి వెళ్లాలి, ఏం చూడాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీది అమలాపురం. సంక్రాంతి సెలవులకు అక్కగారి పిల్లలు ఇద్దరు వస్తున్నారు, పెద్దవాడు తొమ్మిదో తరగతి, చిన్నది ఆరో తరగతి. నిరుడు వాళ్లకు బొర్రా గుహలు చూపించారు. ఈసారి దగ్గరలోనే, జనం అంతగా తొక్కని చిన్న గుహలు, పాత రాతి కట్టడాలు చూపించాలి. తాడు, హెల్మెట్, తలకు కట్టుకునే లైటు కొనాలా అని కూడా అడిగారు.

ముందు నిరాశ కలిగించే మాట చెప్పేస్తాను. కోనసీమలో గుహ లేదు, ఉండే వీలూ లేదు. ధవళేశ్వరం దిగువన నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. మీ పెరట్లో బోరు వేసినప్పుడు పైకి వచ్చింది గుర్తు తెచ్చుకోండి: మట్టి, ఇసుక, బంకమన్ను, మళ్లీ ఇసుక. ద్రాక్షారామం గుడిలోని రాయి ప్రతిదీ బయటి నుంచి రావలసిందే. 1847లో కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టడానికి ధవళేశ్వరాన్ని ఎంచుకోవడంలో ఒక సౌకర్యం కూడా ఉంది. అక్కడే కొండ ఉంది, రాయి పక్కనే దొరికింది. ఆ రాయిని క్వారీ నుంచి ఏటి ఒడ్డుకు చేర్చడానికి పట్టాలు కూడా వేశారు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా అలాంటి కొండ మరొకటి కనిపించదు.

కాబట్టి మీరు వెతకవలసింది డెల్టాలో కాదు, దాని అంచున. ఏలూరు, ద్వారకా తిరుమల, రాజమండ్రి, పెద్దాపురం, పిఠాపురం, ఈ ఊళ్లను కలుపుతూ మనసులో ఒక గీత గీసుకోండి. గీతకు దిగువన వరి, కొబ్బరి, కాలువలు. ఎగువన మెట్ట: జీడిమామిడి, పామాయిల్, ఎర్రనేల. మీకు కావలసినవన్నీ ఆ గీతను ఆనుకునో, కొంచెం పైనో ఉన్నాయి.

ఇంకొక సంగతి పిల్లలకు బయలుదేరే ముందే చెప్పండి, లేకపోతే మొదటి గుహ దగ్గరే ముఖం ముడుచుకుంటారు. బొర్రా సున్నపురాయి. వాననీటిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు ఆ రాయిని నెమ్మదిగా కరిగించి లోపల గదులు చేస్తుంది, కరిగిన సున్నం చుక్కచుక్కగా పేరుకుని పైనుంచి వేలాడే కొమ్ములు తయారవుతాయి. మన మెట్ట అంచున ఉన్నది ప్రధానంగా ఇసుకరాయి. పంగిడి, కాతేరు వైపు నల్లని లావా రాయి. తూర్పు కనుమలకు దగ్గరైన కొద్దీ ఖొండలైటు అనే రూపాంతర శిల. ఇవేవీ సున్నంలా నీటికి కరగవు. రాయి నెర్రెలు విచ్చో, కింది మెత్తని పొర రాలిపోయో చిన్న చిన్న పంచలు ఏర్పడతాయి తప్ప బొర్రా లాంటి పాతాళ గదులు రావు. ఇక్కడ గుహ అన్నది చాలావరకు మనిషి ఉలితో తొలిచిందే. నాకైతే అదే ఎక్కువ ఆసక్తి. కరిగిన రాయి ఎవరి గురించీ ఏమీ చెప్పదు, చెక్కిన రాయి చెక్కించిన వాళ్ల గురించి చాలా చెబుతుంది.

మొదటి రోజు దూరం వెళ్లకండి. బోడసకుర్రు వంతెన దాటి మామిడికుదురు వైపు ఆదుర్రు వెళ్లండి. వైనతేయ పాయకు దగ్గరలో ఇటుకలతో కట్టిన బౌద్ధ మహాస్తూపం పునాదులు ఉన్నాయి. గుహ కాదు, రాయి కూడా కాదు. అయినా ముందు అక్కడికే తీసుకెళ్లమంటాను. రాయి దొరకని చోట అదే మతం వాళ్లు ఏం చేశారో ఆ ఇటుకల్లో కనబడుతుంది. ఇటుక ఒకదాని కొలత తీసి పుస్తకంలో రాసుకోమనండి, ఇంటికి వచ్చాక నేటి ఇటుకతో పోల్చుకుంటారు. గంటలో అయిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు.

అసలు చోటు గుంటుపల్లి. ఏలూరుకు ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్లు, కామవరపుకోట దాటాక జీలకర్రగూడెం ఊరి దగ్గర. మీకు రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం, భీమడోలు, ద్వారకా తిరుమల మీదుగా దారి. ఒక్క వైపే మూడు గంటలు వేసుకోండి. దీన్ని ఆంధ్రా అజంతా అని కొందరు రాస్తుంటారు. ఆ పేరు నమ్మి వెళ్తే మోసపోతారు, అజంతాలోలా ఇక్కడ గోడల మీద బొమ్మలు లేవు. అయితే అజంతా చిత్రాల్లో ఎక్కువ వాటి కంటే ఇది చాలా పాతది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటికే ఇక్కడ తొలచడం మొదలైందన్నది పండితుల్లో ఎక్కువమంది మాట.

కొండ గుర్రపు నాడా ఆకారంలో వంగి ఉంటుంది, మధ్యలో లోయ. మెట్లెక్కి లోపలికి వెళ్లగానే అందరూ ఎడాపెడా ఫోటోలు తీసుకుంటూ పైకి పరుగెడతారు. మీరు ఆ పని చేయకండి. నేరుగా గుండ్రటి చైత్యగృహానికి, అంటే లోపల స్తూపం ఉన్న బౌద్ధ పూజాగృహానికి వెళ్లండి, మిగతావన్నీ దాని తరువాత.

బయట గుమ్మం మీద కమాను ఉంటుంది. ఆ కమాను కింద చిన్న చిన్న చెక్కముక్కల చివరలు బయటికి పొడుచుకు వచ్చినట్లు కనిపిస్తాయి. అవి చెక్క కాదు, రాయిని అలా చెక్కారు. లోపలికి అడుగుపెట్టి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఊరికే నిలబడండి, లైటు వేయనివ్వకండి. గది గుండ్రంగా ఉంటుంది. నడుమ స్తూపం, దాని చుట్టూ ఒక మనిషి తిరిగేంత దారి. ఇప్పుడు తల పైకెత్తమనండి. కప్పు గుమ్మటంలా ఉండి, దాని మీద వాసాలు నాలుగు వైపుల నుంచీ వంగుతూ నడినెత్తికి చేరుతుంటాయి, వాటిని అడ్డంగా కలుపుతూ పట్టెలు. మన తీరంలో తుపాను గాలికి తట్టుకుంటుందని కట్టుకునే చుట్టిల్లు లోపల పడుకుని పైకి చూస్తే కనిపించేది సరిగ్గా ఇదే. తాటాకు బరువు మోయవలసిన వాసాలను, మోయడానికి ఏమీ లేని రాతి కప్పు మీద ఎందుకు చెక్కారు? ఈ ప్రశ్న మీరు వేయకుండా పిల్లలు వేసేదాకా ఆగండి. వాళ్లు వేస్తారు. అంతవరకు చెక్కతో, గడ్డితో కట్టుకున్న పూజాగృహం ఎలా ఉండేదో ఆ శిల్పులకు తెలిసింది అదొక్కటే. రాయిలోకి మారినప్పుడు ఇంటి రూపాన్ని కూడా వెంట తీసుకొచ్చారు. ఆ చెక్క ఇళ్లన్నీ ఏనాడో చెదలు తిని పోయాయి. వాటి ఆకారం ఈ రాతి గదిలో మిగిలింది.

ఇలాంటి గుండ్రటి గది దేశంలో తొలినాటివి కొద్ది చోట్లే ఉన్నాయి. బిహారులో అశోకుని కాలపు బరాబర్ కొండల్లో సుదామ గుహ, పుణె దగ్గర జున్నర్‌లో తుల్జా లేణి, మరొకటి రెండు. బరాబర్ రాయి గట్టిది, అద్దంలా నునుపు పట్టింది. గుంటుపల్లి ఇసుకరాయికి ఆ నునుపు రాదు. చేత్తో తాకితే ఇసుక రాలుతుంది కాబట్టి తాకవద్దని చెప్పండి.

ఆ స్తూపాన్ని స్థానికులు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు, శివరాత్రికి జనం బాగా వస్తారు. చెప్పులు బయట విడవండి. బౌద్ధమా శైవమా అని అక్కడ నిలబడి వాదించే పెద్దమనుషులు ప్రతి వారం ఒకరైనా తగులుతారు, వాళ్లకు దూరంగా ఉండండి. దండం పెట్టుకునేవాళ్లు ఉండబట్టే ఆ గది పశువుల కొట్టం కాకుండా మిగిలిందన్నది నా అభిప్రాయం.

తరువాత విహారాల వైపు నడవండి. భిక్షువులు ఉన్న గదులు వరుసగా, తలుపుల మీద చిన్న కమానులతో ఉంటాయి. ముందు భాగం చాలాచోట్ల కూలింది, కొన్ని చోట్ల తరువాతి కాలపు మరమ్మతు కట్టుబడి స్పష్టంగా తెలుస్తుంది. ఏది పాతదో ఏది అతుకో కనిపెట్టమని పెద్దవాడికి పని పెట్టండి. కూలింది ఎందుకన్నది రాయిని చూస్తేనే అర్థమవుతుంది. ఇసుకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. వాననీరు పై నుంచి దిగి, గట్టి పొర అడ్డు తగిలిన చోట పక్కకు ఊరుతుంది. ఆ ఊరే గీత వెంబడి రాయి మెత్తబడి పిండిలా రాలుతుంది. దాని కింద ఆధారం లేని గట్టి పొర ఒక రోజు పలకలా ఊడిపడుతుంది. గది గోడల మీద తెల్లని ఉప్పు చారలు, పచ్చని పాచి ఏ ఎత్తున మొదలవుతున్నాయో చూడండి, నీటి దారి మీకే కనిపిస్తుంది. అలాంటి చారలున్న పంచ కింద కూర్చుని పులిహోర పొట్లం విప్పకూడదు. ఇది ఏ చిన్న గుహకైనా వర్తించే మాట: కింద కొత్తగా రాలిన ముక్కలు, పదునైన అంచులతో, దుమ్ము పట్టకుండా ఉంటే ఆ కప్పు కింద నిలబడవద్దు.

పైన భక్తులు మొక్కు తీర్చుకుని కట్టించిన చిన్న స్తూపాలు బారులు తీరి ఉంటాయి, ఇటుక చైత్యం ఒకటి, కొండ పైభాగాన పెద్ద స్తూపం. స్తంభాల మండపం శిథిలం కూడా ఉంది. దాని శాసనంలో కళింగానికి, మహిషకానికి అధిపతినని చెప్పుకున్న మహామేఘవాహన వంశపు రాజు శిరిసద పేరు ఉంది, మండపం ఇచ్చింది ఆయన లేఖకుడు. కళింగాన్ని ఏలిన ప్రసిద్ధ రాజు ఖారవేలుడి వంశమూ ఇదే. కళింగ రాజు కొలువులో రాతపని చేసే ఉద్యోగి ఒకడు ఏలూరు మెట్టలో మండపం కట్టించాడంటే ఇది ఎంత రద్దీ దారిలో ఉండేదో ఊహించుకోవచ్చు. అందుకే తిరుగు దారిలో ఓపిక ఉంటే పెదవేగి మీదుగా రండి. శాలంకాయన రాజుల రాజధాని వేంగి అదేనంటారు. పిల్లలు అలసిపోతే వదిలేయండి, అక్కడ చూసేది తక్కువ, ఊహించేది ఎక్కువ.

శాసనాల విషయంలో ఒక చిట్కా. ఆనాటి లిపి బ్రాహ్మీ, ఆ అక్షరాలకు లోతు తక్కువ. ఎదురుగా లైటు కొడితే రాయి అంతా తెల్లగా మెరిసి ఏమీ కనిపించదు. లైటును రాతికి పక్కగా, దాదాపు ఆనించినట్లు పట్టుకుని ఏటవాలుగా వెలుగు పారేలా చేయండి. గీతల్లో నీడ పడి అక్షరం లేచి వస్తుంది. అలా పక్క నుంచి నాలుగు వైపులా వెలుగు మార్చి నాలుగు ఫోటోలు తీస్తే తీరిగ్గా ఇంట్లో చదువుకోవచ్చు. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ కూడా ఇదే పని చేస్తుంది. అంతేగాని సుద్దముక్కతో దిద్దడం, నీళ్లు చల్లడం, నూనె రాయడం చేయకూడదు. ఒకరు దిద్దిన తప్పు గీతనే ఆ తరువాత వచ్చినవాళ్లంతా అక్షరమనుకుంటారు.

తూర్పు వైపు మీకు ఇంకో రోజు చాలు. పెద్దాపురం పాండవుల మెట్ట మీద గుహలున్నాయి. పాండవులు అక్కడ తలదాచుకున్నారని, లోపలి నుంచి రాజమండ్రి గోదావరి దాకా సొరంగం ఉందని ఊళ్లో చెబుతారు. సొరంగం కథ మన దగ్గర ప్రతి కొండకూ ఉంటుంది, పిల్లలకు చెప్పండి, బాగుంటుంది, లోపలికి మాత్రం పంపకండి. పై నుంచి చూస్తే ఒక పక్క మెట్ట, మరో పక్క పచ్చని పల్లం, నేను మొదట చెప్పిన గీత కంటికి కనిపిస్తుంది. నాకు ఆ గుట్టలో గుహల కంటే ఆ చూపే ఇష్టం. అక్కడి నుంచి గొల్లప్రోలు దగ్గరి కొడవలి వెళ్లవచ్చు. కొండ మీద బౌద్ధ శిథిలాలు, సాతవాహనుల చివరి రాజుల్లో ఒకడైన చండసాతి నాటి రాతి శాసనం దొరికిన చోటు. సాతవాహనులనగానే అమరావతి, పైఠాన్ అనుకునేవాళ్లకు పిఠాపురం పక్క కొండ మీద వాళ్ల రాజు పేరు ఉందంటే వింతగానే ఉంటుంది. అక్కడ తుప్పలు ఎక్కువ. ఊళ్లో ఎవరినైనా పెద్దాయనను వెంట తీసుకెళ్లండి.

ఇలాంటి చోట్లు ఇంకా వెతకాలనిపిస్తే ఊళ్లో బౌద్ధ గుహ ఎక్కడ అని అడగకండి, ఎవరికీ తెలియదు. పాండవుల మెట్ట, మునుల గుహ, సన్యాసి కొండ, ధనం దిబ్బ ఉందా అని అడగండి. పశువులు కాసేవాళ్లను, జీడిమామిడి తోట కాపలావాళ్లను అడగండి. ఏ పంచలో వానకు తడవకుండా నిలబడవచ్చో వాళ్లకే తెలుసు.

ధనం దిబ్బ అనే పేరులోనే చిక్కు కూడా ఉంది. గుప్తనిధుల పిచ్చి వల్ల పగిలిన స్తూపాలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. స్తూపం నడుమ ఉండేది ధాతువుల, అంటే పూజ్యుల అస్థికల భరిణ, పూసలు, ఎముక ముక్క. దాని కోసం రాత్రిపూట గునపాలతో వచ్చి రెండు వేల ఏళ్ల కట్టడాన్ని తవ్విపోస్తారు. మీరు వెళ్లిన చోట తాజా గొయ్యి, నిమ్మకాయలు, కుంకుమ కనిపిస్తే అక్కడ ఆగకుండా వచ్చేసి తహసీల్దారు కార్యాలయానికో పోలీసులకో చెప్పండి. పిల్లలు పెంకు ముక్కో పూసో ఏరుకుని జేబులో వేసుకుంటే తీయించి అక్కడే పెట్టించండి. నేలలో దొరికిన పది రూపాయలు మించిన విలువైన వస్తువును కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. గోడ మీద పేర్లు చెక్కే ప్రేమికులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబోలు.

ఇక సామాను. తాడు వద్దు. తాడు అవసరమైన చోటికి ఆరో తరగతి పిల్లను తీసుకెళ్లవద్దు. హెల్మెట్ కొంటే తప్పు లేదు, గుంటుపల్లిలో మాత్రం అది అక్కర్లేదు, గుమ్మాల దగ్గర తల వంచడం చాలు. తలకు కట్టుకునే లైటు కంటే చేతిలో పట్టుకునేది మేలు, శాసనానికి పక్క వెలుగు కావాలన్నాను కదా. పట్టున్న బూట్లు, పొడవు చేతుల చొక్కా, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కొలత టేపు, గళ్ల కాగితం. పిల్లల చేత చైత్యం నేల పటం గీయించండి. టేపు ఒక కొస చిన్నది పట్టుకుంటే పెద్దవాడు కొలుస్తాడు, పోట్లాట కూడా తగ్గుతుంది.

గబ్బిలాల కంపు గట్టిగా కొట్టే చీకటి గదుల్లోకి వెళ్లవద్దు. ఎండిన రెట్ట దుమ్ములో పెరిగే బూజు ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది, రుమాలు కట్టుకున్నంత మాత్రాన ఆగదు. వాటి నిద్ర చెడగొట్టడమూ మంచిది కాదు, మన తోటల్లో పురుగులను తినిపెట్టేవి అవే. రాతి అంచున పెద్ద తేనెపట్టు కనిపిస్తే గొంతు తగ్గించి వెనక్కి తిరగండి. అక్కడ సిగరెట్టు, అగరొత్తి, అరుపులు ఏవీ పనికిరావు. ఈగలు లేస్తే ఉన్నచోట చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తడమే. పాములు జనవరి పొద్దున ఎండ కోసం రాతి మీదికి వస్తాయి. చెయ్యి పెట్టే ముందు, కాలు వేసే ముందు చూసుకోవాలి, అంతే. కాటు పడితే గాయం కోయవద్దు, తాడు బిగించవద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా కట్టు కట్టి 108కి ఫోను చేయండి.

రోజు విషయానికి వస్తే, భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ బయలుదేరకండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు. పైగా మన దారులన్నీ కోడిపందేల బళ్లతో నిండి ఉంటాయి, రావులపాలెం దాటేసరికే మధ్యాహ్నం అవుతుంది. పండుగ జనం సద్దుమణిగాక బయలుదేరండి. ముందు ఆదుర్రు, ఒక రోజు ఆగి గుంటుపల్లి, ఆ తరువాత పెద్దాపురం, కొడవలి. పొద్దున డెల్టాలో మంచు ఎనిమిదింటి దాకా విడవదు కాబట్టి చీకటిలో కారు తీయవద్దు. గుంటుపల్లి చేరేసరికి పదిన్నర అయినా పరవాలేదు, చలికాలపు ఎండ కదా. సాయంత్రం మూసేలోగా తీరిగ్గా చూడవచ్చు. అక్కడ హోటళ్లు లేవు, భోజనం కామవరపుకోటలో ముగించుకోండి లేదా కట్టించుకుని వెళ్లండి.

పిల్లలకు నిజంగా రుచి పట్టి వేసవికి ముందు ఇంకొకటి చూస్తామంటే అనకాపల్లి దగ్గర శంకరం ఊరి బొజ్జన్నకొండ, లింగాలకొండ చూపించండి. అక్కడ స్తూపాలను కొండరాతిలోంచే వరసగా దిద్దారు, గుహల గోడలకు బుద్ధుడి విగ్రహాలు ఉన్నాయి. సామర్లకోటలో రైలెక్కి అనకాపల్లిలో దిగితే ఊరి అంచే, ఆటోలు దొరుకుతాయి.